యెషారెగ్ గుడారం

వెరెగెబ్బ ఊరికి నేను మొదటిసారి వెళ్ళింది ఒక గుడారాన్ని పట్టుకుపోవడానికి. అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు. అడిస్ అబాబాలో ఒక చిన్న మ్యూజియంలో ఉద్యోగం. ఇటలీ సైన్యం మా మీదికి వచ్చినప్పుడు, గాయపడ్డవాళ్ళను చూడటానికి ఉత్తరాన ఏదో చలిదేశం నుంచి హెన్రిక్ అనే శస్త్రవైద్యుడు వచ్చాడు. అందరూ ఆయన్ని హకీం అనేవాళ్ళు. ఆయన ఆసుపత్రి గుడారం ఇప్పటికీ ఆ ఊళ్ళో ఒకావిడ దగ్గర ఉందని మా పెద్దాఫీసరు చెవిన పడింది.

"వెళ్ళి తీసుకురా ఆక్లిలూ. అద్దాల గదిలో పెడదాం" అన్నాడు.

ముద్ర వేసిన ఉత్తరం జేబులో పెట్టుకుని దెస్సీ దాకా బస్సులో, అక్కడి నుంచి ఒక రోజంతా కంచరగాడిద మీద వెళ్ళాను. నేను ఊళ్ళోకి దిగేసరికి ఆ గుడారాన్ని ఎవరిదో పెళ్ళికి లేపుతున్నారు. నలుగురు మగవాళ్ళు గుంజ పట్టుకుని అటూ ఇటూ ఊగుతుంటే, యాభై దాటిన ఒక పొట్టి మనిషి నడుముకు శాలువా బిగించి అందరినీ తిడుతోంది. నన్ను చూసింది.

"ఓయ్ కళ్ళద్దాలాయనా! పెళ్ళికొచ్చి గుడ్లప్పగించి చూస్తావేం? ఆ తాడు పట్టుకో."

"అమ్మా, నేను ప్రభుత్వం పని మీద వచ్చాను..."

"ప్రభుత్వానికి చేతుల్లేవా? లాగు! అట్లా కాదయ్యా, వెనక్కి వాలి లాగు. చదువుకుంటే ఒంట్లో బలం ఇంతగా పోతుందనుకోలేదు."

లాగాను. తాడు కట్టడం అయ్యాక ఒకళ్ళు చేతులు కడిగించారు, ఇంకొకళ్ళు ఇంజెర రొట్టె మీద కోడికూర వడ్డించారు, నేను ఎవరి తరఫువాణ్ణని ఎవరూ అడగలేదు. పెళ్ళికూతురి మేనమామ నన్ను పెళ్ళికొడుకు మేనమామ అనుకుని కాసేపు పొగిడాడు, తల్ల అనే మా ఇంటి బార్లీ సారా ముంత రెండుసార్లు నింపాడు. ఆ తర్వాత నేను ఉత్తరం తీసే స్థితిలో లేను.

కూర్చుని గుడారాన్ని చూశాను. పొడుగ్గా, ముప్పై మంది పడుకునేంత ఉంది. రంగులు మాత్రం చెప్పలేనన్ని. పిండి సంచుల ముక్కలు, సైనికుల కంబళ్ళు, ఎవరిదో పాత పెళ్ళిబట్ట అంచు, ఎర్రచారల దుప్పటి. అసలు గుడ్డ నడికప్పు మీద కొంత, ఒక పక్కగోడ మీద కొంత మిగిలింది. ఆ గోడ మీద వెలిసిపోయి గులాబీరంగుకు దిగిన రెడ్‌క్రాస్ గుర్తు ఉంది.

తాడు లాగించినావిడే యెషారెగ్ అని మర్నాడు తెలిసింది. ఆమె సంగతి నేను తర్వాత ఏళ్ళ తరబడి వింటూ వచ్చాను, కొంత ఆమె నోట, కొంత ఆమె భర్త గెబెయెహు నోట. ఇద్దరూ ఒకే సంగతిని ఒకేలా చెప్పిన పాపాన పోలేదు కాబట్టి ఇద్దరూ ఒప్పుకున్నంతవరకు చెబుతాను.

యెషారెగ్‌ది వెరెగెబ్బే. పదిహేడేళ్ళకు అవతలి కొండ మీది ఊరికి కోడలిగా వెళ్ళింది. ఆ మొదటి భర్త కూరలో ఉప్పెక్కువైందని కుండ విసిరాడు. కుండ వెళ్ళి ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుక్కకు తగిలింది. "కుండ ఆయనది, కుక్క నాది. నా కుక్కని తీసుకుని నేను వచ్చేశాను" అని చెప్పేది, అంతకన్నా ఏం చెప్పాలన్నట్టు.

పుట్టింట్లో ఉండగా యుద్ధం వచ్చింది. హకీం హెన్రిక్ పన్నెండు కంచరగాడిదలతో, ఇద్దరు సహాయకులతో, ఫిలిపోస్ అనే దుబాసీతో వచ్చి ఊరి పక్క మైదానంలో గుడారం వేశాడు. నీళ్ళు మరిగించడానికి మనిషి కావాలన్నారు. ఇరవై రెండేళ్ళ యెషారెగ్ వెళ్ళింది. ఆ గాడిదలను తోలుకొచ్చినవాడే గెబెయెహు.

"నీళ్ళు మరిగించమంటే, బుడగలు వచ్చాక అరగంట సేపు మరిగించమని" అని ఆమె నాకు నేర్పినట్టే చెప్పేది. "అందరూ ఆవిరి చూడగానే దించేస్తారు. నేను దించలేదు. ఒకసారి సైన్యాధికారి వచ్చి కాఫీకి నీళ్ళిమ్మన్నాడు. ఇవి కత్తులు స్నానం చేసే నీళ్ళు, నీకివ్వను పొమ్మన్నాను. హకీం నవ్వాడు. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను, పళ్ళు మాత్రం బాగా లేవు పాపం."

హకీం పగలల్లా మనుషుల్ని కుట్టేవాడు. పొద్దువాలే ముందు అదే సూదులు కడిగి, గాలికి చిరిగిన గుడారాన్ని కుట్టేవాడు. ఆయన తండ్రి సముద్రం ఒడ్డున పడవల తెరచాపలు కుట్టి బతికినవాడట. ఆ మాట దుబాసీ చెప్పినప్పుడు ఊరివాళ్ళు నమ్మలేదు. మా వైపు చేతిపనివాళ్ళంటే చిన్నచూపు. అలాంటివాడి కొడుకు హకీం అవుతాడా? యెషారెగ్ మాత్రం ఆయన పక్కన కూర్చుని ఆ కుట్టు నేర్చుకుంది. మందపాటి గుడ్డ కాబట్టి ఇద్దరు కావాలి. ఇవతలి మనిషి సూది పొడిస్తే అవతలి మనిషి లాగి, మళ్ళీ ఇవతలికి పొడవాలి. మాట తెలియని ఇద్దరూ అలా రోజూ గంటసేపు కుట్టేవాళ్ళు.

తర్వాత మా సైన్యం చెదిరింది. వెంటనే దక్షిణానికి కదలాలని కబురు వచ్చింది. లోపల పొట్టకు పెద్ద కోత పడిన ఒక సిపాయి ఉన్నాడు. కదిపితే చచ్చిపోతాడు. గుడారం విప్పితే వానలో తడుస్తాడు. హకీం కొంచెంసేపు గుంజకు ఆనుకుని నిలబడి, గుడారాన్నీ సిపాయినీ యెషారెగ్‌కు అప్పగించాడు. ఒక సూదుల డబ్బా ఇచ్చాడు. దుబాసీ చేత ఒక కాగితం రాయించి ఆమె చేతిలో పెట్టాడు. అందులో ఏముందని ఆమె అడిగేలోపు దుబాసీ గాడిదెక్కి "జాగ్రత్త, జాగ్రత్త!" అని అరుస్తూ వెళ్ళిపోయాడు.

సిపాయి పంతొమ్మిది రోజులకు లేచాడు. ఇంకో వారానికి కర్ర పట్టుకుని తన ఊరికి నడిచి వెళ్ళాడు. వెళ్ళేముందు యెషారెగ్ వండిన గంజి గురించి ఏదో అన్నాడట. అదేమిటో ఆమె ఎంత అడిగినా చెప్పలేదు, తర్వాత ఊరివాళ్ళ నోట విన్న గెబెయెహు చెప్పబోతే చీపురు తీసింది.

నెలలోగా ఇటలీ సిపాయిలు ఊళ్ళోకి వచ్చారు. హకీం సామాను ఎవరి దగ్గర ఉన్నా అప్పగించాలన్నారు. యెషారెగ్ ముందే గుడారాన్ని విప్పి, కళ్ళంలో పరిచి, దాని మీద చేతి మందాన పేడ అలికేసింది. మా వైపు కళ్ళాలన్నీ పేడతో అలికే ఉంటాయి. పైన తెఫ్ అనే మా చిరుధాన్యం పనలు వేసి ఎద్దులు తోలుతుండగా వాళ్ళొచ్చారు. అధికారి సరిగ్గా గుడారం నడిమధ్య నిలబడి అడిగాడు, "గుడారం ఎక్కడ?"

"ఏ గుడారం?" అంది యెషారెగ్.

"పెద్దది. తెల్లది."

"తెల్లది నేనెప్పుడూ చూడలేదు బాబూ. చెప్పులు విడిచి నిలబడు, అది తినే గింజ."

అధికారికి ఏమర్థమైందో గాని బూట్లు విప్పి చేత్తో పట్టుకుని కళ్ళం దాటాడట. పక్కింటి జెయ్‌నెబా నవ్వు ఆపుకోలేక పనల్లో తల దూర్చింది. తర్వాత ఆ ఇద్దరాడవాళ్ళూ ఎండోద్ కాయల నురగతో వాగులో వారం రోజులు గుడారాన్ని ఉతికారు. పేడరంగు పోలేదు. "మంచిదే, వెతికేవాళ్ళకి తెల్లది కావాలి కదా" అంది జెయ్‌నెబా.

అయిదేళ్ళకు ఇటలీ వాళ్ళు పోయారు, హకీం వెంట దక్షిణానికి వెళ్ళిన గెబెయెహు తిరిగొచ్చాడు. హకీం రైలెక్కడం కళ్ళారా చూశానని, ఒంట్లో బాగానే ఉన్నాడని, తన కంచరగాడిదల పేర్లన్నీ తప్పుగా పలికి వీడ్కోలు చెప్పాడని కబురు తెచ్చాడు. ఆ కబురు చెప్పడానికి మొదటిరోజు వచ్చాడు. రెండోరోజు అదే కబురు మళ్ళీ చెప్పడానికి వచ్చాడు. నాలుగోరోజున యెషారెగ్ తండ్రి, "ఈ కబురింక నాకు కంఠతా వచ్చింది, పిల్లని అడగదలుచుకుంటే అడుగు" అన్నాడు.

వాళ్ళ పెళ్ళినాడు కాలం కాని కాలంలో జోరున వాన. ఆకులపందిరి కారిపోతుంటే గుడారం లేపారు. నూటయాభై మంది పొడిగా కూర్చుని భోంచేశారు. ఇక ఆ మర్నాటి నుంచి చుట్టుపక్కల కొండల్లో ఎవరింట పెళ్ళయినా ఆ గుడారమే కావాలి. దాని కింద అయిన పెళ్ళి విడిపోదని కూడా పేరొచ్చింది.

"గుడారం ఏం చేస్తుంది నా మొహం" అనేది యెషారెగ్. ఆమె పెట్టిన షరతు వేరే ఉంది. ఎవరడిగినా ఇస్తుంది. అద్దె లేదు, కానుక లేదు. కాని పెళ్ళికి ముందు అబ్బాయీ అమ్మాయీ ఇద్దరూ వచ్చి, చెరోపక్కన కూర్చుని, ఒక చిరుగు కుట్టాలి. ఆమె కాఫీ కాచుకుంటూ వింటుంది. సూది లాగడంలో విసుగు, గుచ్చుకున్నప్పుడు నోట వచ్చే మాట, తప్పు ఎవరిదన్నప్పుడు ఎవరు నోరు మూసుకుంటారన్నది, అన్నీ వింటుంది. ఒకడు మాత్రం మా అమ్మ వచ్చి కుడుతుందిలే అన్నాడట. "అయితే మీ అమ్మ దగ్గరే ఉండు నాయనా, ఈ పిల్ల జోలికి రాకు" అని పంపేసింది. ఆ పిల్ల తర్వాత వేరేవాణ్ణి చేసుకుని ఏడుగురు బిడ్డల్ని కన్నది.

జెయ్‌నెబా కొడుకు నికా వచ్చినప్పుడు, "పీర్‌సాబు ముందు ఆ శిలువ గుర్తు కనబడితే ఏం బాగుంటుందే?" అని అడిగింది.

"దాన్ని వంటల వైపు తిప్పుతా. కూర మాడితే నా మతం మీదికి నెట్టకు."

అప్పటి నుంచి ముస్లిముల పెళ్ళిళ్ళలో ఆ గోడ వంటల వైపు, మా క్రైస్తవుల పెళ్ళిళ్ళలో వాకిలి వైపు.

ఇదంతా తెలియకుండానే, పెళ్ళి మర్నాడు నేను ముద్ర ఉన్న ఉత్తరం తీసి ఆమె ముందు పెట్టాను. ఎందుకొచ్చానో చెప్పాను.

నిన్నంతా ఊరు దద్దరిల్లేలా అరిచిన మనిషి కాఫీ పోస్తున్న కూజా కింద పెట్టింది. మెడలోంచి తోలు తాయెత్తు ఒకటి తీసింది. అందరూ దాన్ని తాయెత్తే అనుకునేవాళ్ళు. అందులో హకీం ఇచ్చిన కాగితం ఉంది.

"ముప్పై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నా, ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వస్తారని" అంది. "నాకు చదువు రాదు. ఎవరి చేతా చదివించలేదు. దీన్ని వాడొద్దనీ, ఫలానా తారీకుకి అప్పగించాలనీ ఉంటే? అప్పటికే నేను దీన్ని ఎన్నిసార్లు చింపానో, ఎన్ని గుడ్డలు అతికానో. ఆయన కొడుకో కూతురో వచ్చి అడిగితే ఏం చూపించను? అందుకే మెడలో వేసుకుని ఊరుకున్నా."

"అంత కష్టం మోసుకుని తిరిగావా? నాకైనా చెప్పలేదే!" అన్నాడు గెబెయెహు.

"నీకు చెబితే సంతకి చెప్పినట్టే."

బడిపంతులమ్మ ఫెలెకెచ్‌ను పిలిపించారు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి, వేళ్ళ నిండా సుద్ద. ఆమె తోలు విప్పి, మడత విరగకుండా కాగితం తెరిచి, పిల్లలకు చదివినట్టు స్పష్టంగా చదివింది.

"ఇది చూసినవారికి. ఆసుపత్రి గుడారం ఒకటి, గుంజలు ఆరు, మేకులు ముప్పై ఏడు. మేకులు నలభై ఉండాలి, మూడు పోయాయి. యెషారెగ్ అనే ఆమె దగ్గర వదిలి వెళుతున్నాను. నీళ్ళు మరిగించమంటే నిజంగా మరిగించే మనిషి నాకు ఇక్కడ ఈమె ఒక్కతే దొరికింది. రోగి లేచి నడిచేదాకా విప్పకూడదు. ఆ తర్వాత నేను రాకపోతే దీన్ని ఏం చేయాలో ఆమె ఇష్టం. మడిచి దాచవద్దని మాత్రం చెప్పండి. ఈ గుడ్డ వాడుతుంటే నిలుస్తుంది, మడతలో ఉంటే చీకిపోతుంది."

యెషారెగ్ మళ్ళీ చదవమంది. రెండోసారి చదువుతుంటే "ఆమె ఇష్టం" దగ్గర చెయ్యి పైకెత్తింది. ఫెలెకెచ్ ఆగింది. యెషారెగ్ కళ్ళు తుడుచుకుంది, ముక్కు చీదింది, తర్వాత మొదలైన నవ్వు చాలాసేపు ఆగలేదు. ఆమె నవ్వు చూసి వాకిట్లో ఉన్నవాళ్ళు కూడా, ఎందుకో తెలియకుండానే నవ్వారు. ఉన్నట్టుండి ఆపి గెబెయెహు వైపు తిరిగింది.

"మూడు మేకులు పోయాయని రాశాడు. అవెక్కడ?"

గెబెయెహు గడ్డం గోక్కున్నాడు.

"నిన్నే. ఎక్కడ?"

"గాడిదల్ని కట్టెయ్యడానికి మంచి ఇనుము దొరకద్దూ... యుద్ధకాలం కదా..."

"పాతికేళ్ళు దొంగతో కాపురం చేశానన్నమాట!"

ఆయన లేచి కొట్టంలోకి వెళ్ళి మూడు మేకులూ పీక్కొచ్చాడు. తుప్పు పట్టలేదు. ఒకదానికి ఇంకా పలుపు వేలాడుతోంది. యెషారెగ్ వాటిని నా ఒళ్ళో పెట్టింది.

"కాగితంలో నా పేరు మీద ముప్పై ఏడే ఉన్నాయి. ఈ మూడూ నావి కావు. తీసుకెళ్ళి మీ అద్దాల గదిలో పెట్టుకో. గుడారం మాత్రం దాచకూడదని హకీమే చెప్పాడు, నేను కాదు."

నా ఉత్తరం మీద ఎంత పెద్ద ముద్ర ఉన్నా హకీం కాగితం ముందు నిలవదు.

మా పెద్దాఫీసరు మేకులను బల్ల మీద దొర్లించి చూశాడు. "గుడారం తెమ్మంటే మేకులు తెచ్చావా?" అన్నాడు. మొత్తం చెప్పాను. "సరే, గుడారం బొమ్మ గీయించి మేకుల పక్కన పెడదాం. కొలతలు తీసుకురా. ఏ ముక్క ఎప్పటిదో, ఎవరి పెళ్ళిదో అన్నీ రాసుకురా" అన్నాడు.

కొలతలు ఒక్క ప్రయాణంలో అయ్యేవే. నేను మాత్రం నాలుగుసార్లు వెళ్ళాను. అతుకుల చరిత్ర చెప్పడానికి యెషారెగ్, రాసుకోవడానికి నేను, నా అక్షరాలు దిద్దడానికి ఫెలెకెచ్. మూడోసారి వెళ్ళినప్పుడు వెనకగోడ మీద జానెడు చిరుగు ఉంది.

"కొలిచేవాళ్ళు కుట్టలేరా?" అంది యెషారెగ్, వంకర సూది నా చేతిలో పెట్టి. ఫెలెకెచ్‌ను అవతలికి పంపింది. గుడ్డకు అటు ఆమె, ఇటు నేను. ఒకరికొకరం కనబడం.

"ఇటు పొడవండి" అంది ఆమె.

"పొడిచాను."

"అది నా వేలు."

"అయ్యో! ఎక్కువ గుచ్చుకుందా?"

"బతుకుతాను. ఈసారి కొంచెం కిందికి. ఇంకా కిందికి. మీరు మ్యూజియంలో కూడా ఇలాగే వెతుకుతారా?"

నేను నవ్వాను, ఆమె కూడా నవ్వింది. పొయ్యి దగ్గర కాఫీగింజలు వేయిస్తూ యెషారెగ్ వింటోంది. చిరుగు కుట్టడం అయ్యాక గెబెయెహుతో, మాకు వినబడేలాగే, "ఒక్కసారి కూడా విసుక్కోలేదు ఇద్దరూ. తారీకు చూడు" అంది. ఫెలెకెచ్ ముఖం కందిపోయింది. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. ఆ జనవరిలో మా పెళ్ళి అదే గుడారంలో అయింది. మా పెద్దాఫీసరు వచ్చాడు. వచ్చీ రాగానే యెషారెగ్ ఆయన చేతిలో తాడు పెట్టింది.

ఆ తర్వాత ఏడేళ్ళకు, వరసగా రెండేళ్ళు వానలు కురవలేదు. ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పను. దెస్సీ రోడ్డు పక్కన సహాయక శిబిరం పెడుతున్నారని విని, యెషారెగ్ అడగకుండానే గుడారాన్ని ఆరు గాడిదల మీద కట్టించుకుని వెళ్ళింది. నీళ్ళు మరిగించే పని తనే తీసుకుంది. గంజి పోసే కుర్రకారు ఆవిరి చూడగానే దించబోతే గరిటెతో చెయ్యి మీద కొట్టేది. పది నెలలు అక్కడే ఉంది. ఆ గుడారంలో పడుకున్న పిల్లల్లో లేచి నడిచినవాళ్ళు చాలామంది. నడవనివాళ్ళ గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు, గెబెయెహు కూడా మాట్లాడలేదు.

వానలు పడ్డాయి. తెఫ్ పండింది. రెండేళ్ళుగా ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఆ జనవరిలో ఒక్కసారిగా మీద పడ్డాయి. పదిహేడు జంటలు. మాకు ముందంటే మాకని వాకిట్లో ఒకటే గొడవ. యెషారెగ్ బయటికి వచ్చి, "మైదానంలో లేపుతా. ఒక్కో రోజు మూడేసి పెళ్ళిళ్ళు. ఎవరి పెళ్ళికూతురు ఎవరో చూసుకుని పట్టుకుపొండి, తర్వాత మార్చుకుంటానంటే కుదరదు" అంది. ఆ వారమంతా వెరెగెబ్బలో పాడి పాడి గొంతు పోనివాడు లేడు. జెయ్‌నెబాతో కలిసి ఆమె భుజాలు ఆడిస్తూ ఎస్కిస్తా ఆడటం నేను చూశాను. అరవయ్యేళ్ళ ఆడవాళ్ళిద్దరూ పోటీపడి ఆడుతుంటే పడుచువాళ్ళు తప్పుకుని దారి ఇచ్చారు.

ఒకే ఒక్కసారి ఆమె అడిస్ అబాబా వచ్చింది, మా ఇంటికి. మ్యూజియంకి తీసుకెళ్ళాను. అద్దం వెనక మూడు మేకులు, కాగితం నకలు, గుడారం బొమ్మ. ఆమె బొమ్మను చాలాసేపు చూసి, ఎడమవైపు నాలుగో అతుకు రంగు తప్పంది. అది ఆకుపచ్చ కంబళి, అబ్బెబెచ్ పెళ్ళిది, మీరు నీలం వేశారని కాపలావాడితో దెబ్బలాడింది. అతను తన తప్పు కాదన్నాడు. "నువ్వు రోజూ దీని ముందు నిలబడతావు కదా, చూసుకోవద్దూ?" అంది. రెండు రోజుల తర్వాత ఆకుపచ్చ రంగు వేయించాము.

ఎనభై ఒకటో ఏట, పెళ్ళిళ్ళ కాలం ముగిశాక, జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. గెబెయెహు అంతకు ముందే పోయాడు. ఇప్పుడు గుడారం జెయ్‌నెబా మనవరాలు రహ్‌మెత్ దగ్గర ఉంది. కిందటేడు ఫెలెకెచ్, నేను వెళ్ళాం. నడికప్పు మీద నీలిరంగు ప్లాస్టిక్ పట్టా అతికించి ఉంది. అది గుడ్డ కాదు, కుట్టు నిలవదని నేనన్నాను. వాన కారకుండా ఉండటం ముఖ్యమా, మీకు చూడటానికి బాగుండటం ముఖ్యమా అని రహ్‌మెత్ అడిగింది. మేం అలా వాదించుకుంటుండగానే ఒక అబ్బాయి, అమ్మాయి సూది కోసం వచ్చి వాకిట్లో నిలబడ్డారు.